ఎండకాలం సెలవులకు నీళ్ల పార్కు: పదకొండు మందిమి, చీర కట్టే అత్తమ్మతోని ఏడికి పోవాలె?

నీలగిరి_లత (నల్గొండ)
అందరికి నమస్తే. మే రెండో వారంల మా ఆడిబిడ్డోళ్లు, యారాలోళ్లు, మేము కలిసి పదకొండు మందిమి నీళ్ల పార్కుకు పోదామనుకుంటున్నం. మా మరిది బెంగళూరు అంటుండు. మా ఆయన హైదరాబాదే చాలంటుండు. పిల్లలేమో యూట్యూబుల సూసి ఇమాజికా ఇమాజికా అని పానం తీస్తుండ్రు.

అసలు సంగతి మా అత్తమ్మది. అరవై రెండేండ్లు. పుట్టిల్లు మర్రిగూడ దిక్కు, మోకాళ్లు పట్టేసి ఉంటయి. అంత ఆ ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యం, నల్గొండోళ్లకు చెప్పేదేముంది. పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి చీర తప్ప ఇంకోటి ఎరుగదు. "మీరు పోండ్రి బిడ్డా, నేను బ్యాగులకాడ కూసుంట" అంటది. పోయినసారి ఒక పార్కుల నిజంగనే గట్ల కూసున్నది, పొద్దుమూకేదాంక, పదకొండు జతల చెప్పులకు కావలి. నాకు మనసుల పట్టలె. ఈసారి ఆమెను గూడ నీళ్లల్లకు దింపాలె. ఏ పార్కు మంచిగుంటదో చెప్పుండ్రి. చిన్నదానికి నాలుగేండ్లు, పెద్దోనికి పద్నాలుగు.

జడ్చర్ల_జంక్షన్
లతక్కా, మీ ఆయన మాటే ఖరారు చెయ్. ఇమాజికా ఏడుందో పిల్లలకు ఎరుకనా? బొంబాయి పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద ఖోపోలి కాడ. పార్కు చేరేలోపు సగం మంది వాంతులు, సగం మంది పంచాయితి. పైగా అక్కడ రైడ్ల పార్కు వేరు, నీళ్ల పార్కు వేరు. మొదటిది 2013ల, నీళ్లది మరుసటేడు తెరిచిండ్రు. టికెట్లు గూడ వేరువేరే, పదకొండుతోని గుణించుకో.

హైదరాబాద్‌ల రావిర్యాల కాడి వండర్లా పార్కు అయితె మీకు రెండు గంటల దారి. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట కాడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుండ్రి, బొంగ్లూరు తర్వాత 13వ ఎగ్జిట్ల దిగుండ్రి. మా పాలమూరోళ్లం శంషాబాద్ కాడ ఎక్కి తుక్కుగూడ మీదికెల్లి వస్తం. కల్వకుర్తి, ఆమనగల్లోళ్లను శ్రీశైలం రోడ్డే తుక్కుగూడకు తెచ్చి దింపుతది. దేవరకొండోళ్లు నల్గొండ మొకం చూసేదే లేదు, మాల్, ఇబ్రహీంపట్నం మీద పోవచ్చు.

పిల్లల టికెట్‌కు వయసు కాదు, ఎత్తు చూస్తరు. గేటుకాడ గీత ఉంటది, దానికి ఆనిచ్చి నిలబెడ్తరు. మావోడు ఆ గీతకాడ మోకాళ్లు వంచి నిలబడ్డడు, వాళ్ల నాయినకు పైసలు మిగులుతయని. లోపలికి పోయినంక పెద్ద జారుడుబండ కాడ అదే మనిషి మునివేళ్ల మీద నిలబడ్డడు.

బిడదిలో_మిర్యాలగూడ
నేను మిర్యాలగూడవాణ్ణే, పన్నెండేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం. మీ మరిది మాటకి కొంచెం వకాల్తా పుచ్చుకుంటాను.

మనిళ్లలో ఫ్రిజ్ పక్కన వీగార్డ్ స్టెబిలైజర్ ఉంటుంది చూడండి, ఆ కంపెనీ పెట్టిన కొచ్చౌసెఫ్ చిట్టిలపిళ్లిదే ఈ వండర్లా కూడా. 2000లో కొచ్చిలో వీగాల్యాండ్ అనే పేరుతో మొదలైంది. 2005లో బెంగళూరుది, 2016లో మన రావిర్యాలది, 2024లో భువనేశ్వర్‌ది. బెంగళూరు పార్కు ఊళ్లో లేదు, మైసూరు రోడ్డు మీద బిడది దగ్గర. విస్తీర్ణంలో హైదరాబాద్‌దాని కన్నా పెద్దది, చెట్లు బాగా ఎదిగాయి. మే నెలలో చెట్టు నీడ విలువ నల్గొండవాళ్లకి నేను చెప్పాలా? పక్కనే రిసార్టు ఉంది, పెద్దావిడ మధ్యాహ్నం నడుం వాల్చొచ్చు. బిడది తట్టె ఇడ్లీ సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. పళ్లెమంత ఉంటుంది, రెండు తింటే పార్కులో సమోసా కొనే పని ఉండదు.

కాకపోతే ఇది ఒక్కరోజులో తేలేది కాదు, కనీసం రెండు రాత్రులు. పాలమూరు వాళ్లకైతే కాచిగూడ యశ్వంత్‌పూర్ వందేభారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. మీకు ఆ సుఖం లేదు.

హాలియా_పోరడు
ఎందుకు అక్కా ఇన్ని వేల దండుగ? సాగర్ ఎడమ కాలువ మన ఇంటి ముంగటికెల్లి పోతది. నీళ్లు వదిలినప్పుడు దుంకితె, అలలొచ్చే ఏ వేవ్‌పూల్ పనికొస్తది? పైసా ఖర్చు లేదు.

ఎడమగట్టు
తమ్మీ, ఆ మాట ఈడ రాయకు, పిల్లలు సదువుతరు. కాలువ లోపల రెండు దిక్కుల వాలుగ లైనింగ్ ఉంటది, పాకురు పట్టి నూనె రాసినట్టు ఉంటది. దుంకుడు అల్కనే, ఎక్కుడే కాదు. చెయ్యి పెట్టి పట్టుకుందామంటె రాయి లేదు, చెట్టు వేరు లేదు. పైకి నిమ్మళంగ కనవడతది గని అడుగున గుంజుడు వేరే. ఈతొచ్చినోడు గూడ ఎదురు ఈదలేడు. మా వాడకట్టు పిల్లగాడు, పదో తరగతి పరీక్షలు అయిపోయిన రెండో రోజు. ఇంకేం రాయను.

సాగర్ పోవాలనుకుంటె ఇరవై ఆరు గేట్లు ఎత్తినప్పుడు దూరంకెల్లి చూడుండ్రి, లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోండ్రి. స్నానానికి కాలువ వద్దు.

హాలియా_పోరడు
సరే అన్నా. పరాష్కానికి రాసిన. తప్పైంది.

పాలమూరు_మేస్త్రి
బొంబాయి ముచ్చట వచ్చింది గాబట్టి నాదొకటి. మా నాయిన నారాయణపేట దిక్కుకెల్లి బొంబాయి బస్సెక్కి సెంట్రింగ్ పనికి పోయెటోడు. ఏడాదిల పది నెలలు అక్కడనే. గోరాయిల ఎస్సెల్ వరల్డ్ అనే రైడ్ల పార్కు 1989ల వచ్చింది, దాని పక్కకు వాటర్ కింగ్‌డమ్ అనే నీళ్ల పార్కు 1998ల. బోరివలి కాడ పని చేసేటప్పుడు ఐతారం ఐతారం జెట్టీ మీద కూసుని, పడవెక్కి పోయే సేట్ల పిల్లలను చూసెటోడట. "ఆ పడవ ఏడికి పోతది మేస్త్రీ అంటె, నీళ్లల్ల ఆడుకోనీకి అని చెప్పిండ్రు. నీళ్లకు పైసలు ఇచ్చుడేందిరా అని మస్తు నవ్వినం" అని ఇంటికి వచ్చినంక చెప్పెటోడు. మా ఊళ్లె అప్పుడు మనిషికి రెండు బిందెలు.

2010ల నాకు నౌకరి వచ్చినంక ఆయన్నే తీస్కపోయిన. అదే జెట్టీ, అదే పడవ. ఖాడి (సముద్రపు పాయ) మీదికెల్లి పోతుంటె విపశ్యన పగోడా బంగారు గోపురం కనవడతది. గేటుకాడ టికెట్ రేటు అడిగి, ఏళ్ల మీద లెక్క ఏసి "నా మూడు రోజుల కూలి ఉండె ఇది" అన్నడు. లోపల ఏ రైడూ ఎక్కలె. వేవ్‌పూల్ అంచుకు కూసుని, ఆ పలకల అతుకులు తడుముకుంట "లెవెల్ మంచిగ పట్టిండ్రు" అన్నడు. సాయంత్రందాంక గంతే, లెవెలు, వాలు, ఏ మూలకు నీళ్లు నిలుస్తున్నయి.

లతమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇంట్లనే ఉంది. పెద్దమనిషికి వేవ్‌పూల్ అంచే మంచిది. దానికి మెట్లే ఉండవు. సముద్రం ఒడ్డు లెక్క వాలు ఉంటది, నడుసుకుంట పోయి చీలమండ లోతుల కూసోవచ్చు. అలనే వచ్చి కాళ్లు తడిపి పోతది. లేజీ రివర్ అని ట్యూబుల మీద తేలేది చూడనీకి పెద్దోళ్లకే అన్నట్టు ఉంటది గని, ఆ ట్యూబుల కూసునుడు, లేసుడు మోకాళ్ల నొప్పోళ్లతోని కాదు. ఇద్దరు పట్టుకున్నా కాదు.

నీలగిరి_లత
మేస్త్రి అన్నా, మీరు రాసింది మా ఆయనకు సదివి వినిపించిన. ఏం మాట్లాడలె, లేసి బయటికి పోయిండు. వాళ్ల నాయిన గూడ సూరత్‌ల మగ్గాలకాడ పని చేసి వచ్చినోడే.

హైదరాబాదే ఖాయం చేసినం. ఇగ చీర సంగతి చెప్పుండ్రి. చీరతోని దిగనిస్తరా?

పద్మక్క_వనపర్తి
దిగనియ్యరు చెల్లే, ఎంత బతిమిలాడినా. కాటన్ చుడీదార్ గూడ నడువది. నైలాన్‌దో, లైక్రాదో, పాలిస్టర్‌దో ఉండాలె. కిరాయికి దొరికేకాడ కిరాయికి తీస్కోవచ్చు గని, నా మాట ఇను, కిరాయివి వద్దు. ఏ సైజు అడిగినా ఒక్కటే సైజు ఇస్తరు. ఇంటికాడనే కొనుక్కపోండ్రి.

ఇంకోటి. బంగారం ఇంట్లనే పెట్టుండ్రి. మూడేండ్ల కింద ఒక పార్కుల (పేరు వద్దులే) నా మెట్టె వేవ్‌పూల్ల జారిపోయింది. నీళ్లల్ల నాని ఏళ్లు సన్నబడతయి, సబ్బు లేకుంటనే ఊడతయి. కౌంటర్ల చెప్తె "రేపు పొద్దున ఊడ్చినప్పుడు దొరుకుతె ఫోన్ చేస్తం" అన్నరు. నంబరు రాసుకున్న కాయితమే నా ముంగట తడిసి పేలికలైంది. ఫోనేడ వస్తది? పుస్తెలతాడు తీయను అనేటోళ్లు కనీసం పిన్నీసు పెట్టి లోపలికి కుట్టుకోండ్రి.

జడ్చర్ల_జంక్షన్
కాటన్ ఎందుకు నడువదు అసలు? దుకాణంల నైలాన్ బట్టలు అమ్ముకోనీకే ఈ రూలు అని మా మామ అంటడు.

పంపుహౌస్
నేను ఆరేండ్లు ఒక పార్కుల ఫిల్టర్ ప్లాంట్ల చేసిన, ఇప్పుడు వేరే పని. దుకాణం లాభం దుకాణానిదే గని రూలుకు కారణం ఉంది.

కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతది, ఈదేటోన్ని కిందికి గుంజుతది. జారుడుబండ మీద మనిషికీ ఫైబర్‌కూ నడుమ సన్న నీటిపొర ఉంటెనే జారుతడు. తడిసిన కాటన్ ఆ ఫైబర్‌కు అతుక్కుంటది, మనిషి నడుమల ఆగుతడు, ఎనకకెల్లి వచ్చేటోడు వచ్చి గుద్దుతడు. చున్నీ, చీర కొంగు అయితె అతుకులకాడ ఇరుక్కుంటది. జీన్స్ గుండీలు, జిప్పులు ఫైబర్‌ను గీకుతయి, ఆ గీత తర్వాత వచ్చేటోని వీపు కోస్తది. ఇగ నూలుపోగులు ఊడి ఫిల్టర్‌కు పోతయి. పండుగ సెలవులల్ల రాత్రి జాలీ ఇప్పితె దాంట్ల వచ్చే ముద్దను చూస్తె మీరు నూలుబట్ట మీద ప్రమాణం చేసి మానేస్తరు. ఎంట్రుకలు, దారం, బొట్టుబిళ్లలు. బొట్టుబిళ్లలైతె గోడకు అతికినయి అతికినట్టే ఉంటయి, వాటిని గోటితోని గీకాలె.

నీళ్లు రోజూ మార్చుతరా అని అడుగుతరు అందరు. మార్చరు, మార్చేటన్ని నీళ్లు ఏడికెల్లి వస్తయి? పొంగి అంచుల మీదికెల్లి పడ్డ నీళ్లు కిందున్న ట్యాంకుల పడతయి, అక్కడికెల్లి ఇసుక ఫిల్టర్లల్ల నడిచి, క్లోరిన్ కలిసి మళ్ల పూల్‌కు వస్తయి. ఇసుకల పట్టిన మురికిని నీళ్లు ఉల్టా కొట్టి కడిగి బయటికి వదులుతరు. నీళ్ల పులుపు చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 నడుమ ఉంచాలె, అంతకన్న పెరిగితె క్లోరిన్ బలం తగ్గుతది.

కండ్లు ఎర్రబడితె "క్లోరిన్ ఎక్కువ పోసిండ్రు" అని మమ్మల్ని తిడతరు. పోసిన క్లోరిన్ కాదు ఎక్కువసార్లు. మూత్రం, చెమట క్లోరిన్‌తోని కలిసి క్లోరమైన్ అవుతది. ఆ ఘాటు వాసన, మంట దానిదే. అందుకే దిగేముందు షవర్ కింద నిలబడుమని బోర్డు పెడ్తరు, ఎవ్వడు నిలబడడు. మీకు ఒక్క పరీక్ష చెప్త. గట్టు మీద నిలబడి చూడుండ్రి, లోతున్నకాడ అడుగు పలకల గీతలు సాఫుగ కనవడాలె. మసకగుంటె దిగకుండ్రి, పైసలు పోతె పోయినయి.

దేవరకొండ_మాస్టారు
పంపుహౌస్ గారి వివరణ బాగుంది. నీళ్ల శుద్ధి మాట వచ్చింది కనుక ఒక పక్కదారి. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. దాన్ని ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అంటుంది. మన జిల్లా పేరు విదేశీ పాఠ్యపుస్తకాలకెక్కింది నీళ్ల వల్లనే, అదీ చెడ్డ నీళ్ల వల్ల. లత గారూ, అత్తమ్మ గారికి ఒక మాట చెప్పండి: పూల్ నీళ్లు ఎంత తేటగా ఉన్నా మింగకూడదు, పిల్లలకూ అలవాటు చేయండి.

హాలియా_పోరడు
వేవ్‌పూల్ల అల ఎట్ల వస్తది? మోటరు తిప్పుతరా?

పంపుహౌస్
నేను చేసినకాడ గాలి. లోతున్న దిక్కు గోడ ఎనక గదులు ఉంటయి. పెద్ద బ్లోయర్లు వాటిల్లకు గాలి కొట్టి నీళ్లను కిందికి నొక్కుతయి, వదులుతయి. ఆ నొక్కుడు వదులుడు ముందటికి అలగ వస్తది. అంతసేపు నడువది, కొద్దిసేపు అల, కొద్దిసేపు ఊరికె. మొదలయ్యేముందు సైరన్ కొడ్తరు. సైరన్ ఇనంగనే అందరు లోతుకు ఉరుకుతరు. మీరు చిన్నదాన్ని తీసుకొని ఇవతలికి రావాలె. లైఫ్ జాకెట్టు ఏసినం గదా అని పిల్లను ఒక్కదాన్ని వదలొద్దు. గార్డు ఉంటడు గని ఆయనకు రెండే కండ్లు.

కొల్లాపూర్_మామిడి
షిర్డీ మొక్కు ఉన్నోళ్లకు: అక్కడ వెట్ అండ్ జాయ్ అని నీళ్ల పార్కు ఉంది. పొద్దున దర్శనం, మధ్యాహ్నం పార్కు. మా అమ్మ "బాబా కాడికి పోయి బట్టలిప్పి దుంకుడేందిరా" అని తిట్టింది గని, పిల్లలు మాత్రం అప్పటికెల్లి ప్రతి ఏడు షిర్డీ పోదామని భక్తిల మునిగిండ్రు.

బిడదిలో_మిర్యాలగూడ
ఊటీ వెళ్లేవాళ్లకి దారిలో మేట్టుపాళయం దగ్గర బ్లాక్ థండర్ ఉంది, నీలగిరి కొండల కిందే. నల్గొండ పాత పేరు నీలగిరే కదా, ఒకసారి మా నాయినమ్మకి "నీలగిరి పోతున్నాం" అని ఫోన్‌లో చెబితే నల్గొండ వస్తున్నామనుకుని కోడిని కోసి పెట్టింది.

జడ్చర్ల_జంక్షన్
హైదరాబాద్‌ల నెక్లెస్ రోడ్ జలవిహార్ గూడ ఉంది. నాలుగేండ్ల పిల్లొక్కతే ఉంటె అది చాలు. పద్నాలుగేండ్లోడు మొకం మాడుస్తడు.

నిర్వాహకుడు
పార్కుల టికెట్ రేట్లు అడుగుతూ వచ్చిన ఏడు పోస్టులు తీసేశాను. రేట్లు మారుతుంటాయి, పార్కువాళ్ల సైట్‌లోనే చూసుకోండి.

నీలగిరి_లత
పోయి వచ్చినం. బుధవారం పోయినం, రద్దీ ఉన్నది గని మరీ తొక్కుకునేటంత లేదు.

మొదలు తప్పులు చెప్త. పులిహోర, సకినాలు కట్టుకపోయినం, లోపలికి రానియ్యలె. కారు డిక్కీలనే పెట్టి, మధ్యాహ్నం చేతి మీద ముద్ర ఏపిచ్చుకొని బయటికొచ్చి తిన్నం. ఆ ఎండల రెండు గంటలు డిక్కీల ఉన్న పులిహోర ఎట్లుంటదో చెప్పను. రెండోది, చెప్పులు లాకర్ల పెట్టి ఉట్టి కాళ్లతోని నడిచినం. మే నెల ఒంటిగంటకు ఆ బండలు పెంకలే. పూల్‌కూ పూల్‌కూ నడుమ పదకొండు మందిమి కుప్పిగంతులు ఏసుకుంట పోయినం. రబ్బరు చెప్పులు ఎవ్వరు చెప్పలె మీరు!

పెద్దోడు రికాయిల్ అనే రోలర్‌కోస్టర్ ఎక్కిండు. అది ముందుకు పోయి గిరికీలు కొట్టి, మళ్ల అదే దారిల ఎనకకు వస్తది. దిగినంక పావుగంట ఎవ్వరితోని మాట్లాడలె. తర్వాత మళ్ల ఎక్కిండు.

అత్తమ్మ. నేను ముందే నల్లటి నైలాన్ లెగ్గింగ్, మోకాళ్ల కిందిదాంక వచ్చే పొడుగు చేతుల టాపు తెచ్చి పెట్టిన. ఇంట్ల చూసి "సర్కసుకా?" అన్నది. అక్కడ మార్చుకునే గదిలకు పోయి ఇరవై నిమిషాలు బయటికి రాలె. నేను తలుపు కొడితె "ఎవ్వరన్న మనూరోళ్లు ఉన్నరా చూడు" అని లోపలికెల్లి గొంతు. లేరత్తమ్మా అన్న. బయటికి వచ్చి చూస్తె ఆమె అసొంటోళ్లే ఇంకో నలుగురు అదే బట్టల నిలబడి ఒకరినొకరు చూసుకుంటుండ్రు. అందులొక ఆమె సూర్యాపేటామె. "మీదేవూరు" అనుకుంట ఐదుగురు కలిసే పోయిండ్రు. మేము ఎనక.

మేస్త్రి అన్న చెప్పినట్టు వేవ్‌పూల్ అంచుకే కూసోబెట్టిన. మొదటి అలకు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. మూడో అలకు ఇడిచిపెట్టింది. సైరన్ కొడితె "వస్తున్నయ్ వస్తున్నయ్" అని చిన్నదానికన్న ముందు ఆమెనే మొత్తుకున్నది. నడుమల గార్డు పిల్లగాన్ని పిలిచి అడిగింది: "గిన్ని నీళ్లు ఏడికెల్లి తెస్తరు బిడ్డా?" ఆయన బోరు, ట్యాంకరు, ఫిల్టరు అని ఏదో చెప్పబోయిండు. "మంచినీళ్లు కావు గదా?" అన్నది. కావు పెద్దమ్మా అంటె "అయితె మంచిదే" అన్నది, మళ్ల కాళ్లు సాపి కూసున్నది. లేపనీకి ముగ్గురం పట్టినం. ఒడ్డున వాలు ఉన్నా తడి బండ మీద మోకాళ్లు లేవయి, అది గుర్తుపెట్టుకోండ్రి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అడిగి పెట్టుకుంటె మేలు.

బ్యాగులకాడ ఈసారి మా ఆయన కూసున్నడు, నడుము పట్టిందని.

పద్మక్క_వనపర్తి
మెట్టెలు తీసి పోయిండ్రా లేదా?

నీలగిరి_లత
తీసినమక్కా. అత్తమ్మవి రాలె, నలభై ఏండ్లాయె గదా, వేలుకు పట్టేసినయి. దారం చుట్టి పైన బ్యాండేజీ ఏసిన.

కొల్లాపూర్_మామిడి
అక్కా, ఆ లెగ్గింగ్ మళ్ల ఏసుకుంటుందా, మూలకు పడ్డదా?

నీలగిరి_లత
మూలకేడిది. పొద్దున డాబా మీద మిరపకాయలు ఆరబోసేటప్పుడు చీర కింద ఏసుకుంటుంది. కాళ్లకు ఎండ తగల్తలేదట. ఇంకోటి తెమ్మంటుంది, ఈసారి నీలంది.

పద్మక్క_వనపర్తి
ఏడ కొన్నవ్? మా అవ్వకు గూడ కావాలె.

నీలగిరి_లత
ప్రకాశం బజార్ల. రెండు కొంటె తగ్గిస్తడు, మూడొందల యాభై అంటె అప్పుడే ఇయ్యకు.